బొగ్గుడుత

గుమ్మిడిపూండిలో ఆరూ నలభై లోకల్ ఎక్కి
కిటికీ పక్కన చోటు దొరికితే
పొన్నేరి లోపు ఒకసారి ఓడిపోతాను.
మీంజూరు దాటేసరికి రెండోసారి.
ఎన్నూరు బూడిద వాసన పెట్టెలోకి వచ్చే వేళకి
ఆరో కోట ముసలమ్మ ఫోన్లోంచి
అదే మాట అంటుంది:
"బాగా ఆడావు నాయనా, మళ్లీ రా."

అరవై మూడుసార్లు నాయనా అంది.

ఈ ఆట ఏ కంపెనీదీ కాదు.
ఎవరో ఒకడు, లేదా ఒకతె,
చిన్నప్పుడు ప్రేమించిన ఆటని విప్పి
ఎముకలు మాత్రం ఉంచుకుని
రాత్రుళ్లు కూర్చుని మళ్లీ కండ పెట్టారు.
డబ్బు అడగరు. దయ చూపరు.
పోరు మధ్యలో మందు పుయ్యకూడదు.
కోట కోటకీ ఒక గీత, అది దాటి బలం పెంచకూడదు.
అడవంతా తిప్పి ఒక్కదాన్నే మేపి
దాంతోనే అందర్నీ పడగొడదామంటే కుదరదు.
ముసలమ్మ తన ఆరు జంతువుల్నీ ముందే చూపిస్తుంది,
వాటి విద్యలతో సహా,
చీటీల లెక్క చదివి వినిపించినట్టు.
చూసుకో, అంటుంది.
చూసుకునే ఓడతాను.

మా తాత చెంగల్రాయుడి దగ్గర
అట్ట ఊడిన పుస్తకం ఒకటుండేది.
తడ పక్క తోపుల్లో కోడిపందేలకి చంకన పెట్టుకెళ్లేవాడు.
ఏ వారం ఏ జామున కాకి మీద డేగ గెలుస్తుందో,
ఎండ వాలాక అదే డేగ నెమలికెలా లొంగుతుందో
వేలి కణుపుల మీద చెప్పేవాడు.
శాస్త్రం తెలియనివాళ్లు జేబులు పోగొట్టుకున్నారు.
తెలిసిన తాత ఎకరన్నర పోగొట్టుకున్నాడు.

నాదీ ఒక పుస్తకమే, ఆఫీసు వాళ్లిచ్చిన డైరీ.
నీటికి తీగ, తీగకి నిప్పు, నిప్పుకి నీరు:
అది చంటిపిల్లల లెక్క.
ఆమె ఉప్పుమొసలి నా తీగని చూడగానే
వెనక్కి తగ్గుతుంది,
దాని చోట ఇనపగబ్బిలం దిగుతుంది.
నేనేం చేస్తానో నాకంటే ముందు ఆమెకి తెలుసు.
నూటికి ఎనభై అయిదు తగిలే దెబ్బ తగలదు.
ఆ మిగిలిన పదిహేనులోనే నా కాపురం.

పొన్నేరిలో ఎక్కే యామిని, పాలిటెక్నిక్ పిల్ల,
భుజం మీంచి చూసి ఇవాళ అంది:
"ఆ ఉడతని ఎందుకన్నా దాస్తావు?"
బొగ్గుడుత.
మొదటి ఊళ్లో మొదట దొరికింది, తోక కాలినది.
"దాన్ని చావనియ్యి. అది పడితేనే
నీ సుడినత్త దెబ్బ తినకుండా లోపలికొస్తుంది.
బలి ఇయ్యడమూ ఎత్తేగా?"
నేను కిటికీలోంచి ఉప్పుమళ్లు చూశాను.

పదకొండింటికి పారిస్ కార్నర్లో
కంటెయినర్ కాగితాల్లో ఒక అంకె తప్పని తేలింది.
ఆ అంకె నేను వేసింది కాదు.
అయినా పెద్దాయన ముందు నన్నే పంపాడు లోపలికి.
నలభై నిమిషాలు.
తిట్లన్నీ అయిపోయి గది చల్లబడ్డాక
ఆయన అల్లుడు కొత్త కాగితాలతో, నలగని చొక్కాతో
తలుపు తోసుకుని వచ్చాడు.
నవ్వుతూ కుర్చీ వేశారు అతనికి.

ఆట చేసినవాళ్లెవరో నాకు తెలియదు.
ఇలాంటి గది బయట బల్ల మీద
ఎప్పుడో ఒకప్పుడు కూర్చునే ఉంటారు.

రాత్రి బండిలో అరవై నాలుగు.
యామిని లెక్క సరైనదే, రెండుసార్లు వేసి చూశాను.
వేలు ఉడత మీదికి వెళ్లింది, ఆగింది.
సుడినత్తనే దెబ్బలోకి పంపాను.
ఓడిపోయాను, కొరుక్కుపేట రాకముందే.
బాగా ఆడావు నాయనా.

అత్తిపట్టులో బండి ఆపేశారు, సిగ్నల్ లేదట.
ఎవరో జామకాయలు కోసి ఉప్పూ కారం అద్దుతున్నారు.
డైరీ మోకాలి మీద పెట్టుకుని
వరస మొత్తం కొట్టేశాను.
దాని నిప్పుకి బలం ఎక్కడుందో,
మొదటి ఎత్తులోనే, ఒంటి మీద గాయం లేనప్పుడు,
ఎవరూ దాన్ని లెక్కలో వేసుకోనప్పుడు
ఎంత దూరం దూకగలదో
ఇన్నాళ్లూ చూడనేలేదు నేను.

అరవై అయిదు, అని రాశాను.
ఉడత ముందు.